మరుగు నుంచి తెరకు: ఆర్మూర్ ప్రాంతంలో డప్పు, పాట, శ్రోత

కీలకపదాలు: ఆర్మూర్, డప్పు, అజ్ఞాత గళం, ధూంధాం, చిందు, బలగం, శ్రోతృ ప్రతిస్పందన.

ఉపోద్ఘాతం

'బలగం' చిత్రం 2023 మార్చి 3న విడుదలైంది. మూడు వారాలు గడిచేసరికి అమెజాన్ ప్రైమ్‌లోకి వచ్చింది. ఆ తరువాతే తెలంగాణ పల్లెల్లో ఒక అపూర్వమైన దృశ్యం కనిపించింది. గ్రామపంచాయతీల ముందు, కూడళ్లలో, బడి ఆవరణల్లో తెరలు కట్టి ఊళ్లకు ఊళ్లు కూర్చొని ఆ సినిమాను చూశాయి. నిజామాబాదు జిల్లాలో పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, మార్కెట్‌కు చేర్చే పనులు ముగింపుకు వచ్చే కాలమది. ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల రైతు ఇంట ఏడాదికొక్కసారి చేతిలో డబ్బు ఆడే రోజులు, పెళ్లిళ్ల రోజులు కూడా అవే. ఈ ఉచిత ప్రదర్శనలు చట్టవిరుద్ధమంటూ నిర్మాణ సంస్థ పక్షాన నిజామాబాదు జిల్లా పోలీసు అధికారికి ఫిర్యాదు అందినట్లు ఆనాటి పత్రికలు రాశాయి. ఆ చిత్రాన్ని అందించిన దిల్ రాజు స్వగ్రామం నర్సింగ్‌పల్లి ఇదే జిల్లాలోనిది కావడం గమనార్హం.

ఫిర్యాదు చేసినవారి వాదనలో న్యాయముంది. సినిమా హక్కులు కొనుగోలు, అమ్మకాలకు లోబడిన ఆస్తి. కాని తెర కట్టిన ఊరివారు తాము ఎవరి ఆస్తినో తీసుకుంటున్నామని భావించలేదు. తమ ఇంటి చావు, తమ కాకి ముద్ద, తమ ఊరి జంగాల పాట తెర మీదికి వెళ్లి తిరిగి తమ వద్దకు వచ్చాయని భావించారు. ఒకే వస్తువు మీద రెండు రకాల యాజమాన్య భావనలు ఇంత స్పష్టంగా ఎదురుపడిన సందర్భాలు తెలుగు సాంస్కృతిక చరిత్రలో అరుదు. మరుగున ఉన్న కళ విస్తృత ఆదరణ పొందినపుడు దాని తొలి శ్రోతలు ఎలా స్పందిస్తారన్న ప్రశ్నను ఈ వ్యాసం ఆర్మూర్ ప్రాంతాన్ని, దాని పరిసర తెలంగాణను ఆధారంగా చేసుకొని పరిశీలిస్తుంది.

ఈ ప్రశ్న తెలుగునాటికే పరిమితమైనది కాదు. 1990ల తొలినాళ్లలో లండన్, బ్రిస్టల్ నగరాల్లో అనుమతి లేని రేడియో కేంద్రాల ద్వారా, రాత్రి నాట్యశాలల ద్వారా పెరిగిన 'డ్రమ్ అండ్ బేస్' సంగీతం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. గోల్డీ 1995లో వెలువరించిన 'టైమ్‌లెస్' పెద్ద సంస్థ ద్వారా జనంలోకి వెళ్లింది. రోనీ సైజ్ బృందం 'న్యూ ఫార్మ్స్'కు 1997లో మెర్క్యురీ బహుమతి లభించింది. గెలుపును పండుగ చేసుకున్న అభిమానులున్నారు. తమది అనుకున్నది అందరిదీ అయిపోయిందని నొచ్చుకున్నవారూ ఉన్నారు. ఆ నొచ్చుకోలులో ప్రధానమైన ఆరోపణ ఒక్కటే: కళాకారుడు అమ్ముడుపోయాడు. తెలంగాణలో వినిపించిన అభ్యంతరం దాదాపు ఎన్నడూ ఈ రూపంలో లేదు. ఇక్కడి శ్రోత అడిగినది వేరే ప్రశ్న. పాట బయటికి ఎందుకు వెళ్లిందని కాదు, వెళ్లిన పాట ఎవరి పేరుతో వెళ్లింది, తిరిగి వచ్చిందా అని.

మరుగు: రెండు అర్థాలు

ఇక్కడ 'మరుగు' అన్న మాటను విడదీసి చూడాలి. ఒకటి రాజ్యం విధించిన మరుగు. నిషేధాల కింద, జైళ్లలో, అడవుల్లో బతికిన పాట ఆ కోవకు చెందుతుంది. రెండవది కులం విధించిన మరుగు. ఊరంతటికీ వినిపించినా ఊరిలో చోటు లేని వాద్యం ఆ కోవలోనిది. మొదటిదానికి చరిత్రకారులు ఎక్కువ పుటలు కేటాయించారు. రెండవదే నిజానికి పాతది, లోతైనది.

మొదటి అర్థానికి నిజామాబాదులోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. నిజాం వ్యతిరేక పోరాట కాలంలో దాశరథి కృష్ణమాచార్య ఇందూరు ఖిల్లా జైలులో బందీగా ఉండి, గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఆయనకు సహఖైదీ. అదే దాశరథి 1960ల నుంచి సినీగీత రచయితగా లక్షల శ్రోతలను పొందారు, 1977లో ఆంధ్రప్రదేశ్ ఆస్థానకవి అయ్యారు. జైలు గోడ మీది పద్యం తెలంగాణ ఉద్యమకాలానికి ప్రతి సభలో వినిపించే మాటగా మారింది. ఆయన సినిమాకు రాశారన్న కారణంగా ఆ పద్యాన్ని ఎవరూ తక్కువ చేయలేదు. పద్యం పేరు మారలేదు, కవి పేరు చెరగలేదు.

అజ్ఞాత గళం

1972లో బి.నర్సింగరావు ప్రభృతుల ఆర్ట్ లవర్స్ సంస్థ నుంచి రూపొందిన జననాట్యమండలి ఒక్కో పల్లె పాట బాణీని తీసుకొని దానిలో కొత్త రాజకీయ వస్తువును నింపింది. గొంగడి, కర్ర, కాలి గజ్జె, డప్పు ఆ ప్రదర్శన సామగ్రి. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ చదువులో కొంత భాగం నిజామాబాదు జిల్లాలో సాగింది. జననాట్యమండలికి భిన్నమైన విప్లవ పాయకు చెందిన అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య కూడా ఈ జిల్లాకు పరాయిది కాదు. బీడీలు చుట్టే స్త్రీలు వేల సంఖ్యలో ఉన్న ప్రాంతమిది. వామపక్ష కార్మిక సంఘాల సభలకు పాట లేకుండా జనం కదిలేవారు కాదు.

గద్దర్ 1985 నుంచి దాదాపు అయిదేళ్లు అజ్ఞాతంలో ఉన్నారు. 1990లో నిజాం కళాశాల మైదానంలో ఆయన తిరిగి కనిపించిన సభకు వచ్చిన జనసందోహం నేటికీ చెప్పుకొనే విషయం. పాడే మనిషి కనబడని ఆ అయిదేళ్లలో పాట ఆగలేదు. క్యాసెట్లు, చిన్న పుస్తకాలు, కూలికి వెళ్లే స్త్రీల నోళ్లు దానిని మోశాయి. గాయకుని గైర్హాజరీ ఆ పాటను ఊరి సొత్తుగా మార్చిందనడం అతిశయోక్తి కాదు. తరువాతి కాలపు శ్రోతలు ప్రదర్శించిన హక్కుభావానికి మూలం ఇక్కడే వెదకాలి.

సినిమాతో ఈ గళానికి ఉన్న సంబంధం మొదటి నుంచి వైరం కాదన్న విషయాన్ని మరచిపోతుంటారు. బి.నర్సింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 'మాభూమి'లో తెర మీద కనిపించి పాడినది గద్దరే. 'బండెనక బండి కట్టి' అన్న ఆ పాటను సాయుధ పోరాట కాలంలో యాదగిరి కట్టారు. సినిమా దానిని మూడు దశాబ్దాల తరువాత కొత్త తరానికి ఇచ్చింది. 1995లో వచ్చిన 'ఒరేయ్ రిక్షా' చిత్రంలో అన్నాచెల్లెళ్ల అనుబంధం మీది పాటకు ప్రభుత్వం నంది పురస్కారం ప్రకటించగా గద్దర్ తిరస్కరించారు. తిరస్కరించినది సినిమాను కాదు, రాజ్యం ఇచ్చే బిరుదును. ఈ తేడాను ఆయన శ్రోతలు సులభంగానే గ్రహించారు. సినిమా పాటను పెళ్లిళ్లలో పాడుకుంటూనే, పురస్కారం కాదన్నందుకు ఆయనను గౌరవించారు.

2011లో 'జై బోలో తెలంగాణ' పాటకు నంది వచ్చింది. 2018లో తొలిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న ఆయన మరణించగా ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నక్సలైట్ల చేతిలో మరణించిన పోలీసుల పక్షాన మాట్లాడేవారు ఆ లాంఛనాలను వ్యతిరేకించారు. కొందరు పాత అభిమానులకు మరో రకమైన ఇబ్బంది కలిగింది. తుపాకులు ఎవరి వైపు గురిపెట్టి ఉండేవో గుర్తున్నవారికి, ఆ తుపాకులే గౌరవసూచకంగా పేలడం అంత తేలికగా మింగుడుపడే దృశ్యం కాదు.

డప్పు: వేదిక మీద, వాకిట్లో

రెండవ మరుగు డప్పుది. చెక్క చట్రానికి మేకతోలు బిగించి, మంట వద్ద కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయించే ఈ వాద్యం తెలంగాణ పల్లె కాలపట్టికను మోసింది. పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, పీర్ల ముందు ఆడే దరువు వేరు. చాటింపుకు కూడా డప్పే. నిజాం కాలపు వెట్టిలో ఇది మాదిగ కుటుంబాల విధి, కళ అన్న గుర్తింపు దానికి లేదు. వాయించకుంటే శిక్ష, వాయిస్తే గింజలు.

ఈ వాద్యాన్ని ధిక్కార చిహ్నంగా మార్చింది ఉద్యమాలే. జననాట్యమండలి దానిని వేదిక మధ్యకు తెచ్చింది. 1994లో ఆరంభమైన మాదిగ దండోరా తన పేరునే డప్పు చాటింపు నుంచి తీసుకుంది. తెలంగాణ ఉద్యమకాలానికి కులభేదం లేకుండా యువకులు డప్పు మెడలో వేసుకొని ఊరేగింపుల్లో నడిచారు. వాద్యం గెలిచింది. వాద్యకారుడు గెలిచాడా?

ఈ ప్రశ్న ఆర్మూర్ ప్రాంతంలో ఊహామాత్రం కాదు. ఇక్కడి గ్రామాభివృద్ధి కమిటీలు చట్టబద్ధమైన పంచాయతీకి సమాంతరంగా పనిచేసే బలమైన వ్యవస్థలు. గుడి కట్టడం నుంచి కల్లు, ఇసుక వేలంపాటల దాకా వాటి అధికారం సాగుతుంది. వాటి మాట కాదన్న కుటుంబాలను, కులాలను సాంఘికంగా బహిష్కరించారన్న ఫిర్యాదులు నిజామాబాదు జిల్లా నుంచి పదేపదే పత్రికలకూ, పోలీసులకూ, న్యాయస్థానాలకూ చేరాయి. తెలుగు పల్లెల్లో దళితుల బహిష్కరణకు డప్పు వాయించ నిరాకరణ ఒక పాత కారణం. కనుక వేదిక మీద దరువు విని చప్పట్లు కొట్టిన శ్రోతే మరునాడు తన వాకిట్లో చావుడప్పుకు కబురు పంపే యజమాని కావచ్చు. అభిమానుల ప్రతిస్పందన గురించి జరిగే చర్చల్లో అభిమానికి ఒకే ముఖం ఉన్నట్లు మాట్లాడడం ఈ కారణంగా సరికాదు.

చిందు భాగవతం ఇదే చిక్కును మరో వైపు నుంచి చూపుతుంది. మాదిగలను ఆశ్రయించి బతికే చిందు కళాకారుల నుంచి వచ్చిన ఎల్లమ్మ బోధన్ మండలం అందాపూర్‌లో స్థిరపడ్డారు. పురుష పాత్రలను సైతం ధరించి మెప్పించిన ఆమె, నటరాజ రామకృష్ణ వంటివారి దృష్టిలో పడి నగర వేదికలకు, రాష్ట్రస్థాయి పురస్కారాలకు చేరారు. 2005లో మరణించారు. ఆమెకు లభించిన ఆదరణ వలన 'చిందు' అన్న మాట విశ్వవిద్యాలయాల పరిశోధనాంశమైంది. కాని రాత్రంతా ఆడవలసిన కథ నగర వేదిక మీద గంట, గంటన్నరకు కుదించుకుపోయింది. పాత శ్రోతకు కలిగిన నష్టం అది. పాత్ర వేషం కడుతుండగా దగ్గర కూర్చొని చూడడం, కథ మధ్యలో కళాకారులతో వేళాకోళమాడడం, తెల్లవారి కట్నం చదివించడం, ఇవన్నీ ఆ ప్రదర్శనలో భాగాలు. వాటిని రవీంద్రభారతికి తరలించడం సాధ్యం కాదు.

ఇక పెళ్లి ఊరేగింపుల సంగతి. హైదరాబాదు నిజాముల ఆఫ్రికా అశ్వదళపు సిద్దీల నుంచి, యెమెన్ అరబ్బుల నుంచి వచ్చిన మర్ఫా వాద్యం 'తీన్‌మార్' పేరుతో నగర వీధుల్లో స్థిరపడి, క్రమంగా తెలంగాణ బరాతుల సాధారణ భాష అయింది. ఇప్పుడు ఆ చోటును డీజే పెట్టెలు ఆక్రమించాయి. వాటిలో మోగే జానపద గీతాల కింద ముద్రించిన డప్పు దరువే వినిపిస్తుంది. దరువుకు గిరాకీ పెరిగి, దరువు వేసే మనిషికి తగ్గింది. డప్పుకు మంట కావాలి, పెట్టెకు అక్కరలేదు.

ధూంధాం నుంచి సారథి దాకా

అప్పట్లో నిజామాబాదు జిల్లాలో భాగమైన కామారెడ్డిలో 2002లో తొలి ధూంధాం జరిగింది. రసమయి బాలకిషన్ వంటి కళాకారులు రూపొందించిన ఆ ప్రదర్శన పద్ధతి వేర్వేరు విప్లవ, దళిత, జానపద పాయల గాయకులను ఒకే వేదిక ఎక్కించింది. రాత్రి పొద్దుపోయేదాకా సాగే ఆట, పాట, మాటల కలయిక అది. అంతకు ముందు ఒకరి సభకు మరొకరు వెళ్లని శ్రోతలు ఇక్కడ కలిసి కూర్చున్నారు. గల్ఫ్ వలస ఇంటింటి కథ అయిన ఆర్మూర్, బాల్కొండ ప్రాంతాల్లో వలస పాటకు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

రాష్ట్రం ఏర్పడిన తరువాత రసమయి 2014లో శాసనసభ్యులయ్యారు. తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా 550 మంది కళాకారులకు ఉద్యోగాలు లభించాయి. కూలిపనుల మధ్య పాడుకున్నవారికి నెలజీతం రావడం చిన్న విషయం కాదు. దానిని పతనంగా వర్ణించిన విమర్శకులు ఆకలి సంగతిని పక్కన పెట్టి మాట్లాడారు. అదే సమయంలో ప్రభుత్వ పథకాల ప్రచారానికి పరిమితమైన పాట జనం నోట నిలువలేదన్నదీ నిజమే. ఉద్యమ గాయకుని ఊరు ప్రేమించింది, ఉద్యోగ గాయకుని పట్ల ఉదాసీనంగా ఉండిపోయింది.

పేరు ఎవరిది?

2021 ఫిబ్రవరి చివర 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట విడుదలైంది. సుద్దాల అశోక్ తేజ రచన, మంగ్లీ గానం. ఆ పల్లె పాటను తాను సేకరించి, 'రేలా రే రేలా' టెలివిజన్ కార్యక్రమంలో పాడానని కోమలి అనే జానపద గాయని ముందుకు వచ్చారు. వివాదం చర్చలతో పరిష్కారమైంది, ఆమెకు గుర్తింపు ఇవ్వడానికి చిత్రబృందం అంగీకరించింది. ఆ పాట సినిమాకు వెళ్లకూడదని ఈ వివాదంలో ప్రధానంగా ఎవరూ అనలేదు. జానపదమంటే కర్త లేనిది కనుక ఎవరైనా వాడుకోవచ్చునన్న పుస్తక సిద్ధాంతం ఇక్కడ నిలవలేదు. కర్త తెలియకపోయినా మోసినవారు ఉంటారు. శ్రోతలు గుర్తించమన్నది ఆ మోసినవారిని.

2024లో అందెశ్రీ రచించిన 'జయ జయహే తెలంగాణ' రాష్ట్రగీతమైంది. గొర్రెల కాపరిగా, తాపీపనివాడిగా బతికిన కవి రచన ఆ స్థాయికి చేరడం పట్ల హర్షం వ్యక్తమైంది. దానికి ఎం.ఎం.కీరవాణితో స్వరకల్పన చేయించడం పట్ల మాత్రం తెలంగాణ సినీ సంగీతకారుల సంఘం అభ్యంతరం తెలిపింది. అది ప్రాంతీయ ఈర్ష్య అని కొట్టిపారేసినవారున్నారు. ఉద్యమంలో వేల గొంతులు ఒక బాణీలో పాడిన గీతానికి ఆ బాణీ కూడా రచనలో భాగమే అన్న భావన అందులో ఉంది, దానిని అర్థం చేసుకోవలసి ఉంది.

దీనికి భిన్నమైన విషాదం దర్శనం మొగిలయ్యది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే ఈ నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు 2021లో 'భీమ్లా నాయక్' శీర్షిక గీతంతో ప్రసిద్ధుడై, 2022లో పద్మశ్రీ పొందారు. రెండేళ్లకే ఆయన కూలిపని చేస్తున్న చిత్రాలు పత్రికల్లో వచ్చాయి. పేరు నిలిచింది, బతుకు నిలవలేదు.

ఊరు కట్టిన తెర

ఇంత నేపథ్యంలో 'బలగం'ను మళ్లీ చూడాలి. సిరిసిల్ల ప్రాంతం నుంచి వచ్చిన వేణు ఎల్దండి దర్శకుడు. భీమ్స్ సిసిరోలియో సంగీతం, పల్లె పాటల క్యాసెట్ల నుంచి ఎదిగిన కాసర్ల శ్యామ్ సాహిత్యం. చిత్రం చివర చావు వాకిట్లో పాడేది వృత్తినటులు కారు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య. ఇంటింటికీ తిరిగి చనిపోయినవారి గుణగానం చేసి, బతికినవారిని ఏడిపించి, ఇంత బియ్యం, కొంత పైకం తీసుకొని వెళ్లడం వారి కులవృత్తి. అంటే పల్లె ప్రేక్షకునికి ఆ ఘట్టం కొత్త కాదు. కొత్తది ఏమిటంటే, ఎన్నడూ అరుగు దిగువనే నిలబడి పాడిన మనుషులు అందరి తలలకు పైన, తెర నిండా కనిపించడం.

అన్నదమ్ముల పంచాయితీలు, ఆస్తి తగాదాలు, ఆడబిడ్డను దూరం చేసుకున్న ఇళ్లు ఉన్న ప్రతి ఊరూ ఆ పాటకు ఏడ్చింది. చిత్రం చూసి తోబుట్టువులు మళ్లీ కలిశారన్న వార్తలు వచ్చాయి. కళ చేయవలసిన పనిని ఊరు దానిచేత చేయించుకుంది. ఈ దృష్టితో చూస్తే పంచాయతీ ముందు కట్టిన తెర దొంగతనం కన్నా పాత అలవాటుకు దగ్గరిది. ఒగ్గుకథ అయినా, చిందు భాగవతమైనా, ధూంధాం అయినా ఊరు ఉమ్మడిగా పిలిచి, ఉమ్మడిగా ఖర్చు భరించి, టిక్కెట్టు లేకుండా చూసినవే. సినిమా ఆ రూపాల నుంచి వస్తువును తీసుకుంది. చూసే పద్ధతిని మాత్రం తీసుకోలేదు. ఆ లోటును ఊరు తానే పూరించుకుంది.

అయితే ఊరిని పూర్తిగా నిర్దోషిగా నిలబెట్టడం కూడా చరిత్రకు న్యాయం కాదు. పాత పద్ధతిలో ఆట ముగిసిన తరువాత కళాకారునికి ధాన్యమో, కట్నమో దక్కేది. ఉచిత తెర ముందు ఏడ్చిన ఊరు ఎవరికీ కట్నం చదివించలేదు. చదివించడానికి కొమురమ్మ, మొగిలయ్య ఆ కూడలిలో లేరు. నిర్మాతకు చట్టం ఉంది, ప్రేక్షకునికి తెర ఉంది. ఈ ఇద్దరి వివాదంలో పాడినవారి వాటా గురించి ఫిర్యాదులోనూ, దానికి వచ్చిన సమాధానాల్లోనూ ప్రస్తావన కనిపించదు.

మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్న మొగిలయ్య వైద్యానికి చిత్రబృందం, ప్రభుత్వం, ప్రజలు సహాయం అందించారు. ఆయన 2024 డిసెంబరులో మరణించారు. 2025 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నంది స్థానంలో నెలకొల్పిన చలనచిత్ర పురస్కారాల తొలి ప్రదానోత్సవం జరిగింది. 2023 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా 'బలగం' ఎంపికైంది. అదే ఏడాది ఆగస్టులో కాసర్ల శ్యామ్‌కు ఇదే చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం ప్రకటించారు. రాష్ట్ర పురస్కారానికి పెట్టిన పేరు గద్దర్. ఒకనాడు నందిని కాదన్న మనిషి పేరు మీద, ఊళ్లు తమదిగా చేసుకున్న సినిమాకు, ప్రభుత్వం ఇచ్చిన బహుమతి అది. ఆర్మూర్ పరిసరాల్లో చావు ఇంటి ముందు డప్పు నేటికీ మోగుతోంది, వాయించేవారు నేటికీ వాకిలి బయటే నిలబడుతున్నారు.